మూడో కెరటం దాటించిన రెండంగుళాలు

ఇప్పుడు రాయబోయేదంతా అక్షరం పొల్లుపోని నిజం. గంగమ్మ తల్లి మీద ఒట్టు. మా ఊళ్ళో నా ఒట్టుకు పెద్ద విలువ లేదని నాకూ తెలుసు. అందుకని ఇది మా అక్క వేసిన ఒట్టు అనుకుని చదవండి. ఆమె జన్మలో అబద్ధమాడలేదు. ఆ పని పూర్తిగా నాకే వదిలేసింది.

మాది విడవలూరు మండలంలో సముద్రం ఒడ్డు పల్లె. ఇంటికొకరు తప్పకుండా వేటకు పోతారు. మా వంశంలో సముద్రం పడనివాణ్ణి నేనొక్కణ్ణే. పడవ ఎక్కితే చాలు, తిన్నదే కాదు, రేపు తినబోయేది కూడా కక్కేస్తాను. అందుకే ఒడ్డునే చిన్న అంగడి పెట్టి వలతాడు, బెండ్లు, ఇంజిన్ ఆయిలు అమ్ముకుంటూ, దొరికినవాళ్ళకు కథలు చెబుతూ యాభైకి దగ్గరపడ్డాను.

వేట నిషేధం ముగిసే వేళకు మా బావ, అంటే అక్క భర్త, పడవకు కొత్త ఇంజిన్ తెచ్చాడు. ఇంజిన్ అడుగున నీళ్ళలో తిరిగే మూడు రెక్కల చక్రాన్ని మేము ఫ్యాను అంటాం. ఇంజిన్లు అమ్మేవాడు ఫ్యాన్లలో రెండు రకాలు చూపిస్తే, ఎక్కువ దూరం తోసేది ఏదో అదే ఇమ్మన్నాడట. ఎవరైనా అదే అంటారు కదా, తక్కువ తోసేదాన్ని అడిగి తెచ్చుకుంటామా?

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. కొత్త ఇంజిన్‌కు మొదటి వేట రోజు దాకా వల చూపించరు. ముందే చూపిస్తే దానికి ఆశ పుడుతుందనీ, చేప పడని రోజు అలిగి కూర్చుంటుందనీ పెద్దల మాట. కాబట్టి ఎవరి ఇంజిన్‌నైనా ఖాళీ పడవకు కట్టే తిప్పి చూస్తారు. బావ కూడా అట్లాగే చూశాడు. పడవ నీళ్ళ మీద పోయినట్టు లేదు, గాలిలో పోయినట్టుంది. ఒడ్డున ఉన్నవాళ్ళు ఈలలు వేశారు.

మూడోనాడు వేటకు బయలుదేరారు. నలుగురు మనుషులు, వల, ఐసుపెట్టె. మా ఒడ్డున కెరటాలు మూడు వరసలుగా విరుగుతాయి. రెండోదానికీ మూడోదానికీ మధ్య దొరికే కాస్త సందులో ఇంజిన్ పూర్తి వేగం అందుకోవాలి, మూడోది విరిగేలోపల దాని నెత్తి మీదుగా దాటేయాలి. ఆ రోజు ఇంజిన్ వేగం అందుకోలేదు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మూలిగి, నల్లటి పొగ వదిలింది. మూడో కెరటం పడవ ముక్కు ఎత్తి బోర్లించింది. వల చినిగింది. బావ కుడి భుజం వాచిపోయింది.

అక్క కేకలు వేయలేదు. ఉప్పుమూట వేడి చేసి భుజానికి కాపడం పెడుతూ ఒకే మాట అన్నది.

"ఇంకొక్కసారి తిరగబడిందంటే రొయ్యల గుంట కాడ కాపలాకి పో. గుంట ఆసామిని అడిగే వచ్చినా."

బావ మీసాలు రాకముందు నుంచి కెరటం దాటుతున్న మనిషి. అట్లాంటివాణ్ణి గుంట గట్టు మీద కర్ర పట్టుకుని కొంగల్ని తోలమంటే ఏమవుతాడు? ఆ పూట అన్నం కలుపుకొని, తినకుండా లేచాడు. అక్క అన్నదంటే అన్నదే అని ఆయనకు తెలుసు.

ఊరు కారణాలు వెదకడం మొదలుపెట్టింది. దిష్టి అన్నారు కొందరు. నేనమ్మిన ఆయిలు కల్తీ అన్నారు ఇంకొందరు. ఆ మాట నా మెడకు చుట్టుకోకుండా, రంపపు ముక్కు చేప ఒకటి వచ్చి ఫ్యానును కరుచుకుందని నేనొక కథ వదిలాను. రెండు రోజుల్లో అది ఊరంతా తిరిగి నా అంగడికే వచ్చింది, చేప ఇంకో రెండు గజాలు పెరిగి.

బావ వీటిలో దేన్నీ నమ్మలేదు. విడవలూరు పోయి, సెంటర్లో మోటార్లు బాగుచేసే సాయిబు గారిని తీసుకొచ్చాడు. బక్కపలచటి మనిషి. మోపెడ్ హ్యాండిల్‌కు రెండు ఫ్యాన్లు తాడుతో కట్టుకుని, అవి గుళ్ళో గంటల్లాగా కొట్టుకుంటూ ఉంటే వచ్చాడు. ముందు ఇంజిన్‌తో వచ్చిన పుస్తకం అడిగాడు. పూర్తి వేగానికి గుంజినప్పుడు ఇంజిన్ నిమిషానికి నాలుగువేల అయిదువందల నుంచి అయిదువేల అయిదువందల చుట్లు తిరగాలని అందులో ఉంది. మా ఊళ్ళో ఆ పుస్తకం తెరిచిన మొదటి మనిషి ఆయనే.

పడవను ఉప్పుటేట్లో దించారు. చుట్లు లెక్కపెట్టే చిన్న డబ్బా ఒకటి ఆయన ఇంజిన్ వైరుకు తగిలించి, దాన్ని బావ చేతికిచ్చాడు. తను మాత్రం గట్టు మీద, ఏటికి వీపు పెట్టి కూర్చున్నాడు. పడవ ఖాళీగా దూసుకుపోయింది. ఆయన కళ్ళు మూసుకుని కాసేపు విని, "నాలుగువేల తొమ్మిదొందలు" అన్నాడు. బావ తిరిగొచ్చి డబ్బా చూపిస్తే అందులోనూ అదే అంకె.

శ్రీహరికోటలో రాకెట్ లేచిన ప్రతిసారీ మా ఊరు తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ వల కుట్టుకోవడంలో పడుతుంది. అట్లాంటి ఊరు ఆ గట్టు మీద నోరు తెరుచుకుని నిలబడింది.

"ఖాళీ పడవకి బాగానే ఉండాది. వేటకి ఖాళీగా పోతావా అన్నా?" అని అడిగాడు సాయిబు.

బావ ఖాళీ పడవలోకి తొంగి చూశాడు. వెంట మేమూ చూశాం.

వల ఎక్కించమన్నాడు. పెద్దలు కుదరదన్నారు. బోల్తాపడిన పడవది మళ్ళీ కొత్త లెక్కేనట, వల చూపించకూడదట. ఆయన వాదించలేదు. తడిసిన వల ఎంత బరువుంటుందని అడిగి తెలుసుకుని, జనాన్ని ఒకసారి కలియజూశాడు. ఆ చూపు నా పొట్ట దగ్గర ఆగింది.

"ఈయన సరిపోతాడు గదా?"

వల చూపించకూడదన్న పెద్దల్లో ఒక్కరు కూడా నన్ను చూపించకూడదనలేదు. ఐసుపెట్టె నిండా ఇసుక పోశారు, బావ కాక ముగ్గురు మనుషులు ఎక్కారు, నడుమ నన్ను కుదేశారు. పడవ కదిలింది. ఇంజిన్ అదే మూలుగు మూలిగింది. గట్టు మీది నుంచి "నాలుగువేల రెండొందలు" అని వినపడింది. బావ చేతిలోని డబ్బా వంక చూశాను. నాలుగువేల రెండువందలే. నేను పడవ అంచు మీదికి వంగి, పొద్దున తిన్నది ఏటికి అప్పజెప్పాను.

ఒడ్డుకొచ్చాక సాయిబు బావకు విడమరచి చెప్పాడు.

"ఈ ఫ్యాను ఒక చుట్టు తిరిగితే పదకొండంగుళాలు ముందుకి తొయ్యాలని చూస్తాది. బరువుండే పడవని అంత తొయ్యాలంటే ఇంజిన్‌కి ఊపిరాడదు. పిడికెడు పట్టే నోట్లో చారెడు ముద్ద కుక్కితే నమల్తాడా, అన్నా? తొమ్మిదంగుళాలది పెడతా. ముద్ద చిన్నది, గబగబా నమల్తాది."

తక్కువ తోసేది పెడితే పడవ మెల్లగా పోదా అని బావకు అనుమానం. మింగలేని ముద్ద కంటే మింగిన ముద్దే గదన్నా బలం అన్నాడాయన.

రెండు ఫ్యాన్లూ నేను చేతుల్లోకి తీసుకుని చూశాను. ఒకే వెడల్పు, ఒకే మూడు రెక్కలు. రెక్క మలుపులో ఎక్కడో కాస్త తేడా, అదీ ఆయన వేలు పెట్టి చూపిస్తే తప్ప కనపడలేదు. ఇంతకాలం నేను చెప్పిన తిమింగలాలూ రంపపు చేపలూ ఆ రెండంగుళాల ముందు పిల్లలాట అనిపించింది. ఈ కాస్త మలుపేనా నలుగురిని నీళ్ళలో పడేసింది?

టీ కాగేలోపల ఆయన పాతది ఊడదీసి కొత్తది బిగించాడు. బరువుతో నాలుగువేల ఏడువందలు. మమ్మల్ని దించి ఖాళీగానూ తిప్పించాడు. అయిదువేల నాలుగువందలు. పుస్తకంలో గీసిన గీత దాటలేదు, దాటితే ఇంజిన్ పగిలిపోయేదట. ఆ చెవి ఎట్లా వచ్చిందని అడిగితే, "డబ్బా కూడా మోసుకొస్తా గదబ్బా. అది నాకు గాదు, మీరు నమ్మేదానికి" అన్నాడు.

అప్పటిదాకా కొంగు నెత్తిన వేసుకుని దూరంగా నిలబడిన అక్క దగ్గరకు వచ్చింది.

"ఏట్లో గాదు. కెరటం మీద చూపించు."

బావ సాయిబు వంక చూశాడు. అదే బరువుతో పోవాలన్నాడాయన. అంటే నేను కూడా.

పడవను సముద్రంలోకి నెట్టారు. మొదటి కెరటం, రెండోది. సందు దొరికింది, బావ వాచిన భుజంతోనే ఇంజిన్ పూర్తిగా గుంజాడు. మూడోది ఎదురుగా లేచింది, తాటిచెట్టంత. పచ్చటి గాజులో నుంచి ఎండ దిగినట్టు వెలుగు. ఆ వెలుగు నడుమ ఒక మావ చేప ఆగిపోయి నా కళ్ళలోకి చూసింది. పడవ ముక్కు లేచింది, ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత అవతలి పక్క నెమ్మదిగా జారింది. బావ ఇంజిన్ ఆపి, దోసెడు నీళ్ళు తీసి కళ్ళకద్దుకున్నాడు.

ఒడ్డుకు వచ్చాక అక్క బావ భుజం ఒకసారి తడిమి చూసింది. నా వైపు తిరిగి, "రొయ్యల ఆసామికి వేరే మనిషిని చూసుకోమని చెప్పి రా" అన్నది. బావ చినిగిన వల ముందేసుకుని కూర్చుని సూది కోసం తడుముకున్నాడు. నేను ఒళ్ళంతా తడిసి, ఇసుకతో, గుంట దాకా నడిచి ఆ కబురు చెప్పి వచ్చాను.

ఒట్టు వేశాను కాబట్టి ఒకటి ఒప్పుకోవాలి. చెవి నిజం, అంకెలు నిజం, పొట్ట మరీ నిజం. కానీ మూడో కెరటాన్ని నేను చూడలేదు. ఐసుపెట్టెను కావలించుకుని, ముఖం ఇసుకలో దూర్చి, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తాటిచెట్టూ, పచ్చటి గాజూ, నన్ను చూసిన చేపా, అన్నీ నేను కట్టినవే. ఇంజిన్ గొంతు మాత్రం విన్నాను. అంత బరువు మీద వేసుకుని కూడా అది ఎక్కడా మూలగకుండా, అరవకుండా, మెట్టు మెట్టుగా పైకి పోయింది. అట్లాంటిది కల్పించడం నా వల్ల కాదు.