బ్యాటరీకి పెట్టిన విభూతి

పెళ్లయినప్పటి నుంచి పిల్లమ్మకు సంత కొట్టాలే ఇల్లు. మొగుడు బైరప్ప పాత్రలకు కళాయి పూసేవాడు. ఒక వారం సూళగిరి సంత, ఇంకో వారం పోచంపల్లి సంత. పంతొమ్మిదివందల అరవైలో మిలిటరీవాళ్లు వదిలించుకున్న పాత వ్యాన్ కొని, లోపల మంచం, పొయ్యి అమర్చాడు. తలుపు మూసుకుని పడుకోవడం పిల్లమ్మకు అదే మొదలు. ఆ సుఖం ముందు మహారాణులు ఏ మూలకు!

ఒక చలికాలంలో బ్యాటరీ మొరాయించింది. ఆ తర్వాత అదే వరస. పొద్దుగూకే దాకా బాగుండి, తెల్లారేసరికి దిగిపోయేది. సంతలో కనబడ్డవాళ్లందరి చేతా బండి తోయించాలి. విసిగిపోయిన బైరప్ప, పాత సామాన్లు కొనే రంగప్పకు బండి ఇచ్చేస్తానన్నాడు.

"మల్లా కొట్టాల్లోకేనా?" అని ఒక్కమాటే అడిగింది పిల్లమ్మ. ఆ పూట అన్నం సయించలేదు.

సూళగిరిలో బ్యాటరీలు చూసే ఈశ్వరప్ప బండిలో వైర్లన్నీ వెదికాడు. ఏ తప్పూ లేదు. బ్యాటరీని విప్పి తన అంగట్లో విడిగా పెట్టినా మర్నాటికి దిగిపోయింది. తల గోక్కుంటూ ఉండగా పిల్లమ్మ వచ్చి, నీళ్లలో కలిపిన విభూతిని బ్యాటరీ మీద ఈ కొన నుంచి ఆ కొనకు మూడు గీతలుగా దట్టంగా పూసింది. ఆ పూత అతను మొదటి రోజే చూశాడు. కానీ తన స్పానర్లకే బొట్టు పెట్టుకునే మనిషి, దేవుడి గుర్తును తుడుస్తాడా?

ఈసారి కరెంటు చూసే మీటరు తెచ్చి గీత మీద ఆనించాడు. ముల్లు కదిలింది.

"ఇది ఎప్పటినించి పెడతావుండావమ్మా?"

"మొదట మొరాయించినప్పటి నించప్పా. మొక్కుకున్నాను. బాగవలేదని రోజూ ఇంకా మందంగా పెడతావుండాను."

"తడి విభూతిలో యాసిడ్ చేరి, కరెంటంతా ఆ గీతల్లోనే పోతాదమ్మా."

పిల్లమ్మ మొహం మాడిపోయింది. ఇల్లు నిలబెట్టమని వేడుకుంటూ తానే దాన్ని పోగొట్టుకోబోయింది.

"కొండను తవ్వి ఎలుకను పట్టినావు ఈశ్వరప్పా," అని బైరప్ప పగలబడి నవ్వాడు.

ఈశ్వరప్ప బ్యాటరీని సోడా ఉప్పు నీళ్లతో కడిగి, ఆరబెట్టి, ఛార్జి చేసి బిగించాడు.

మర్నాడు రంగప్ప వచ్చేసరికి బండి ఒక్క దెబ్బకు స్టార్టయింది. "నడిచే బండి కదప్పా, ఇంకా ఎక్కువే ఇస్తాను," అన్నాడు రంగప్ప. బైరప్ప పెళ్లాం వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు.

"ఇంట్లో పొయ్యిమీద పాలు కాగతావుండాయి రంగప్పా," అన్నాడు బైరప్ప, బండి తలుపు తీస్తూ. "అమ్మేదానికి లేదు. లోపలికి రా, కాపీ తాగి పో."

పిల్లమ్మ రంగప్పకు లోటా అంచుదాకా పోసింది.