మరదలి మోచేతి ఎత్తు

బోటాటౌంగ్‌లో గిడ్డంగుల వరుసకు ఎదురుగా, రోడ్డు పక్కన, బర్మాకు వలస వచ్చిన మా తాత కట్టిన టీకొట్టు పూర్తిగా టేకు చట్రం. మేకులను నమ్ముకోని నిర్మాణమది. ప్రతి దూలం చివరను నాలుకలా చెక్కి, స్తంభంలో తొలిచిన గుంటలోకి దిగ్గొట్టి, అడ్డంగా చెక్క చీల వేశారు. స్థల యజమాని అక్కడ అపార్టుమెంటు కడతానని ఖాళీ చేయమన్నప్పుడు, కొట్టును విప్పి మింగళ తౌంగ్‌న్యున్‌లో మా తమ్ముడి ఇంటి ముందు జాగాలో మళ్లీ నిలబెట్టవచ్చునని మొదట చెప్పినదాన్ని నేనే. ఊరికి ఆ చివర మింగళాడోన్‌లో ఉక్కు షెడ్లకు డిజైన్లు చేసే ఇంజినీరును. కొట్టు నా చేతుల మీదుగా బతుకుతుందని ఎంత సంతోషించానో, బతికాక అది నా మరదలి చేతుల్లోకి వెళ్తుందని అంత కుమిలాను.

మరదలంటే తమ్ముడి భార్య, బర్మా అమ్మాయి. నాన్న చేతులు వణకడం మొదలైనప్పటినుంచి పొయ్యి దగ్గర నిలబడుతున్నది ఆమే. తెలుగు కూడా అక్కడే, నాన్న నోటినుంచే నేర్చుకుంది. నేను పుస్తకాలు చదివి దిద్దుకున్న తెలుగు మాట్లాడితే నాన్న తలూపి ఊరుకుంటాడు. ఆమె మాట్లాడితే వెంటనే బదులు చెబుతాడు, ఎందుకంటే అది ఆయన భాషే.

వానలు తగ్గాక విప్పడం ప్రారంభించాం. ఏ చెక్క ఎక్కడిదో తెలిసేలా ప్రతి ముక్కకూ నేనే రంగుతో గుర్తు వేశాను. ఏటా వరదనీటిలో నానిన స్తంభాల అడుగుభాగాలు మెత్తబడిపోయాయి. కుళ్లినంత మేర కోయించి, కొత్త టేకును ఏటవాలు అతుకుతో కలిపించి, ఈసారి నీరు అందకుండా కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టించాను. అతుకులో గోరు కూడా దూరలేదు. నాన్న గొడుగు కింద కుర్చీలో కూర్చుని అంతా చూశాడు. చూసి, "అమ్మీ ఏదిరా? దానికి సూపించండి" అన్నాడు. అమ్మీ అంటే మరదలు. ఆమె వచ్చి అతుకును వేలితో తడిమి, "ఎంత బాగా సేసేవు వదినా" అంది. ఆ మెచ్చుకోలులో ఒక్క లోపమైనా దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

తర్వాత పొయ్యి దిమ్మె సంగతి వచ్చింది.

"ఎంతెత్తు కడతావు?" అని నాన్న అడిగాడు.

"పాతదానంతే."

"అది నా కొలతే. ఇప్పుడు నిలబడీది ఇది కదా. దీని మోచెయ్యి సూసి కట్టు."

టేపు పట్టుకుని ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. నేలనుంచి ఆమె మోచేయి తొంభై ఆరు సెంటీమీటర్లు, నాది నూట ఏడు. ఆ దిమ్మె ముందు నేనెప్పుడు నిలబడినా నడుము వంచక తప్పదని డ్రాయింగులో గీత గీస్తున్నప్పుడే తెలుసు.

"ఏటి వదినా, అంత కోపంగా కొలుస్తన్నావు?" అంది మరదలు. "నేనింక పెరగను లే."

నాన్న పకపకా నవ్వాడు. నా మాటకు ఆయన ఎన్నడూ అలా నవ్వలేదు.

అయినా ఒకటి మాత్రం నాదేననుకున్నాను. కొత్తగా ఇల్లు చేరినప్పుడు పాలు పొంగించవలసింది ఆ ఇంటి ఆడపడుచు. కొట్టుకైనా అదే ఆచారం. తలుపు పలకలు బిగిస్తున్న రోజు నాన్న ఆ మాటెత్తాడు.

"రోజూ పొయ్యి ముట్టించీది అమ్మీయే కదా. పాలు దీని సేతే పొంగించుదుం."

"ఆడపడుచుని నేనుండగానా?" అన్నాను. గొంతు నేను అనుకున్నదానికన్నా పెద్దదైంది. వడ్రంగి పని ఆపి నావైపు చూశాడు.

"నువ్వెక్కడున్నావే? మింగళాడోన్లో ఉన్నావు. నెలకోపాలి వొస్తావు, టీ తాగుతావు, బస్సెక్కేస్తావు."

అది నిజం. అప్పుడు మరదలే కలుగజేసుకుంది. "కాదు మావా, వదినే సెయ్యాల. నాకు పాలు దించడవే వొచ్చు, పొంగించడం రాదు."

నా హక్కును ఆమె నాకు దానమిచ్చింది. పళ్లు బిగించి పుచ్చుకున్నాను.

ప్రారంభం నాడు బుద్ధుడి అర పక్కన అమ్మవారి పటం పెట్టి, కొత్త బొగ్గులు రాజేశారు. చుట్టాలు, పాత గిరాకీలు నిండిపోయారు. నేను నడుము వంచి గిన్నె పెట్టాను. పాల అంచు ముడతపడింది, బుడగలు లేచాయి, నురగ గిన్నె మూతిదాకా వచ్చింది. అంతే, నా చేయి గుడ్డ అందుకుని గిన్నెను దించేసింది.

మా కొట్టులో పాలు పొంగనివ్వడమంటే సరుకు పోగొట్టుకోవడం, బొగ్గు చల్లార్చుకోవడం. చిన్నప్పుడు నాన్న నన్ను పాల కాపలాకు నిలబెట్టి నేర్పిన మొదటి పని అదే. నా చేతికి అది గుర్తుంది, పండుగని మాత్రం తెలియలేదు.

"ఓలమ్మ! దించీసిందే!" అని మా అత్త గుండెల మీద చేయి వేసుకుంది.

అప్పుడు నాన్న నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు. "టీకొట్టులో పెరిగిందాన్ని పొంగించమంటే ఎలాగర్రా!" అన్నాడు. ఆ నవ్వు నాది. దాన్ని ఇంకాస్త సేపు దాచుకునేదాన్నే. ఇంతలో ఆయన, "అమ్మీ అయినా అలాగే దించీసును. ఇద్దరూ ఒకటే" అని సగం పంచిపెట్టేశాడు.

మరదలు గిన్నెను మళ్లీ పొయ్యి మీద పెట్టింది. "నా సెయ్యి నువ్వట్టుకో, నీది నేనట్టుకుంతాను" అంది. నురగ లేస్తుంటే నా పిడికిట్లో ఆమె మణికట్టు ఒక్కసారి ఎగిరింది. నాదీ ఎగిరింది. ఇద్దరం గట్టిగా పట్టుకున్నాం, బహుశా అవసరానికన్నా గట్టిగానే. పాలు పొంగి దిమ్మె మీదికి కారాయి. జనం ఈలలు వేశారు.

ఆ వెంటనే ఆమె తన చోట నిలబడింది. నేను వెళ్లి గిరాకీల మధ్య ఒక పొట్టి స్టూలు మీద కూర్చున్నాను. కాసేపటికి నా ముందు టీ పెట్టింది. తీపి తక్కువ, డికాక్షన్ చిక్కన. నేనలాగే తాగుతానని ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చివరి గుక్కదాకా తాగాను.

"ఎలాగుంది వదినా?"

"ఈ స్టూలు ఊగుతోంది," అన్నాను. "రేపొచ్చి సరిచేస్తాను."