ఎడమ పక్క సందు

నాన్న చూపు పోతోందన్న సంగతి మాకు ముందుగా చెప్పింది డాక్టరు కాదు, టీవీలో ఆడే ఇటుకల ఆట. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. వీడియో గేమ్ ఆడితే కళ్లు పోతాయని పిల్లల్ని తిట్టే కాలం అది. మా ఇంట్లో మాత్రం అప్పటికే పోతున్న కళ్లను ఆ ఆట పట్టిచ్చింది.

నాన్న కంపోజిటర్. ఆబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనకాల ఒక ఇరుకు ప్రెస్సులో పని. సీసపు అక్షరాలను గళ్ల పెట్టెలోంచి ఒక్కొక్కటే ఏరి, చేతిలోని ఇనుప పట్టీలో లైనుగా పేర్చేవాడు. శుభలేఖలు, విజిటింగ్ కార్డులు, క్రిస్మస్ ముందు చర్చి క్యాలెండర్లు, ఎవరైనా ప్రభువు దగ్గరికి వెళ్లిపోతే ఆదరణ కూడిక కార్డులు. అమ్మ స్కూల్లో టీచరు. ఇద్దరిదీ మెదక్ దగ్గరి ఊరే. పెళ్లయ్యాక వచ్చి నాంపల్లి స్టేషన్ పక్కన రెండు గదుల కిరాయి ఇంట్లో దిగారు. నేను పుట్టింది, పెరిగింది, అలిగింది అంతా అక్కడే.

నాంపల్లిలో ఉండేవాళ్లకు జనవరి ఎగ్జిబిషన్ అంటే సంబరం కంటే తలనొప్పి ఎక్కువ. ఎక్కడెక్కడి చుట్టాలూ మన ఇంట్లోనే దిగి, మన దుప్పట్లే కప్పుకుని, మన ఇల్లు ఇరుకని మనకే చెబుతారు. నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు అలా వచ్చినవాళ్లతో కలిసి వెళ్లినప్పుడే, ఒక స్టాల్లో నాన్న ఆ టీవీ గేమ్ ముందు ఆగిపోయాడు. నల్లటి డబ్బా, రెండు రిమోట్లు, పైన గుచ్చే పసుపు క్యాసెట్టు. క్యాసెట్టు మీద లక్ష గేములని రాసి ఉంది. ఇంటికొచ్చి చూస్తే అవే నాలుగైదు పేర్లు మార్చుకుని తిరిగి తిరిగి వచ్చాయి. లక్షలో నాన్నకు కావలసింది ఒక్కటే. పైనుంచి రకరకాల ముక్కలు రాలుతుంటాయి. వాటిని తిప్పి, జరిపి, కింద సందు లేకుండా పేర్చాలి. అడ్డంగా ఒక వరస నిండితే టింగుమని మోగి మాయమవుతుంది. పేర్చలేకపోతే గుట్ట పైదాకా వచ్చి ఆట ముగిసిపోతుంది.

"గిది మా పనే గద బిడ్డా," అన్నాడు స్టాల్లో నిలబడే. "గాడ సీసం, గీడ బొమ్మ. గంతే ఫరక్."

"ఇంట్ల ఒక్క పిల్ల ఉన్నదనుకున్న, ఇద్దరున్నరు," అంది అమ్మ. అయినా కొననిచ్చింది.

ముక్కలకు నాన్న ప్రెస్సు పేర్లు పెట్టాడు. అక్షరాల లైన్ల మధ్య పెట్టే సన్నటి సీసపు బద్దను లెడ్డు అంటారట. అందుకని పొడుగు కర్రముక్క లెడ్డు అయింది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ నింపే చదరపు దిమ్మ క్వాడు. కాబట్టి చతురస్రం క్వాడు. వంకర ముక్కలకు మాత్రం ప్రెస్సులో పేర్లు లేవు. వాటిని మా చుట్టాల పేర్లతో పిలుచుకునేవాళ్లం. ఎవరి పేరు ఏ వంకరకో ఇక్కడ రాయను. వాళ్లలో కొందరు ఇంకా ఉన్నారు.

నాన్న ఆటకు ఒక పద్ధతి ఉండేది. ఎడమ అంచున ఒక్క గడి వెడల్పు సందు వదిలేసి, మిగతాదంతా గోడలా నింపుకుంటూ వచ్చేవాడు. తొందర లేదు, కంగారు లేదు. లెడ్డు రాగానే దాన్ని నిలువుగా తిప్పి, ఎడమ గోడకు కొట్టి ఆ సందులోకి దింపేవాడు. నాలుగు వరసలు ఒక్కసారే టింగుమనేవి. అప్పుడు చిన్నగా నవ్వేవాడు. నాకు ఆ నవ్వంటే ప్రాణం, ఆ ఓపికంటే ఒళ్లు మంట. నేను ఎక్కడ సందు దొరికితే అక్కడ కుక్కి, పావుగంటలో ఓడి, రిమోట్ విసిరేదాన్ని.

"మా కాడ లైను నిండితే నిలవడ్తది," అన్నాడు ఒకసారి. "గీడ నిండితే మాయమైతది. గదొక్కటే నాకు నచ్చలే."

రెండేళ్లు ఆయన్ని నేను ఒక్కసారి కూడా గెలవలేదు. తర్వాత గెలవడం మొదలుపెట్టాను. మొదట్లో ఎగిరి గంతులేశాను. ఆ తర్వాత అనుమానం వచ్చింది. గోడలా పేర్చే మనిషి గోడ నిండా చిల్లులు వదులుతున్నాడు. పక్కనే ఖాళీ ఉంటే ముక్కను తీసుకెళ్లి గుట్ట మీద పెడుతున్నాడు.

"కావాలని ఓడుతున్నవ్ డాడీ. నాకొద్దు గిట్ల గెలుసుడు," అన్నాను ముఖం మాడ్చుకుని.

నాన్న నా తల నిమిరాడు. "ఔ బిడ్డా, నీ కోసమే ఓడుతున్న," అన్నాడు.

నేను నమ్మాను. అమ్మా నమ్మింది. పిల్లకు ఉత్త గెలుపు అలవాటు చేయొద్దని ఆయన్నే కోప్పడింది. ప్రెస్సులో కూడా ఎవరికీ అనుమానం రాలేదట. గళ్ల పెట్టెలో ఏ అక్షరం ఎక్కడుంటుందో ఆయన చేతికి తెలుసు. చూడకుండానే ఏరేవాడు. తప్పులు వస్తే వయసు మీదపడిందని నవ్వుకునేవారు.

ఒక సాయంత్రం అమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నాన్న ఆడుతున్నాడు. ఎడమ అంచున సందు లోతుగా ఉంది. లెడ్డు వచ్చింది. నాన్న దాన్ని ఎడమకు జరిపాడు, కానీ గోడదాకా కాదు, ఒక్క గడి ఇవతలే వదిలేశాడు. అది వెళ్లి గుట్ట మీద స్తంభంలా నిలబడింది. నాన్న బొటనవేళ్లు పైకెత్తి, తల కొంచెం పక్కకు వంచి, టింగుమనే చప్పుడు కోసం చూస్తున్నాడు. రాలేదు. ఇంకా చూస్తున్నాడు.

కావాలని ఓడేవాడు చప్పుడు కోసం చెవి ఒగ్గడు. అమ్మ చేట కింద పెట్టింది.

"ఏమయ్యా, గా పక్కకు జాగ కనవడ్తలేదా నీకు?"

నాన్న రిమోట్ ఒళ్లో పెట్టుకున్నాడు. టీవీలో ముక్కలు వాటంతటవే రాలి, ఒకదాని మీద ఒకటి పడి, ఆట అయిపోయింది. "రాలే ముక్క కనవడ్తది," అన్నాడు. "దాని కింద ఏమున్నదో కనవడ్తలేదు. శాన దినాలాయె."

కళ్ల దవాఖానలో డాక్టరు దాన్ని నీటికాసులు అన్నాడు. నొప్పి లేకుండా అంచుల నుంచి చూపు తినుకుంటూ వస్తుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికి చుక్కలు వేసుకోవాలి. ఇంత ఆలస్యంగా వచ్చారేమిటని అడిగితే నాన్న మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. బయటికొచ్చాక ఆటోలో అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాన్న మా ఇద్దరి మధ్యా కూర్చుని, "ఫికర్ చెయ్యకున్రి, ఉన్నది సాలు," అన్నాడు. ఉన్నది ఎక్కువ కాలం లేదు. చుక్కలు వేసుకున్నా, ప్రార్థనలు చేసినా, ఒక పైపులోంచి చూసినట్టున్న చూపు నేను ఇంటర్‌కు వచ్చేసరికి సన్నబడి సన్నబడి ఆరిపోయింది. ప్రెస్సుకు అప్పటికే కంప్యూటర్ వచ్చింది. కళ్లున్నా ఆ పని ఉండేది కాదని నాన్న మమ్మల్నే ఓదార్చేవాడు. నాకు ఆ ఓదార్పు మీదే కోపం వచ్చేది.

పగలంతా రైళ్ల చప్పుడు వింటూ కూర్చునే మనిషిని చూడలేక, ఒకరోజు నేనే రిమోట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. "నేను చెప్త, నువ్వు ఆడు," అన్నాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన నవ్వలేదు, చాప మీద సర్దుకుని కూర్చున్నాడు.

వచ్చే ముక్క ఏదో నేను చెప్పేదాన్ని. ఆయన దాన్ని ఎడమ గోడకు తగిలేదాకా నొక్కి, అక్కడి నుంచి గడులు లెక్కపెట్టుకుంటూ కుడికి తెచ్చి దింపేవాడు. కింద ఏముందో మొత్తం తలలో ఉండేది. నేను తప్పు చెబితే, "లే బిడ్డా, గాడ ఇందాక క్వాడు వెట్టినం," అని సరిదిద్దేవాడు. టింగుమన్నప్పుడు మళ్లీ ఆ పాత నవ్వు. ఆ నవ్వు కోసం నేను కాలేజీ నుంచి ఎక్కడా ఆగకుండా వచ్చేదాన్ని. స్నేహితురాళ్లు ఆబిడ్స్‌లో ఐస్‌క్రీమ్ తిందామంటే నాకు ఇంట్లో పనుందనేదాన్ని. నిజంగానే పని అది.

డిగ్రీలో ఉన్నప్పటి సంగతి. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని ఆటకు కూర్చున్నాం. ఆ రోజు ఏం మాయదారి రోజో, లెడ్డు రాదు. సందు లోతవుతోంది, గుట్ట పెరుగుతోంది. ప్రతి ముక్కకూ నాన్న, "లెడ్డేనా?" అని అడుగుతున్నాడు. కాదు, కాదు, కాదు. ఆయన ముఖంలో ఆశ మాత్రం తగ్గడం లేదు. ఇంకా రెండు ముక్కలు పడితే ఆట అయిపోతుంది. వచ్చింది వంకర ముక్క.

"లెడ్డొచ్చింది డాడీ," అన్నాను.

ఆయన గబగబా ఎడమ గోడకు కొట్టి దింపాడు. ముక్క సందు నోటికి అడ్డంగా పడింది. నాన్న తల వంచి విన్నాడు. టింగుమనలేదు.

"నిండింది డాడీ. టీవీ సప్పుడు సక్కగ వస్తలేదు," అన్నాను.

"లెడ్డు రాలే గద?"



నాన్న చెయ్యి చాపి నా మోకాలు వెతికి పట్టుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, అదే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. "నీ కోసం ఓడుతున్న అని నేను గూడ గిట్లనే చెప్పిన. దానితోని ఏమైంది? ముందుగాల పోవల్సిన దవాఖానకు ఏడాది ఎనక పోయినం. నాకు అబద్ధం చెప్పకు బిడ్డా. ఇప్పుడు నువ్వు జూసిందే నాకున్న చూపు."

"వంకరది వచ్చింది," అన్నాను ఏడుపు ఆపుకుంటూ. "సందు మూసుకుపోయింది."

"ఔ. గట్ల చెప్పు," అన్నాడు. ఆట అయిపోయాక ఇంకొకటి పెట్టమన్నాడు. ఆ సాయంత్రం లెడ్లు బాగానే వచ్చాయి.

ఆ తర్వాత నేను ఆయనకు అన్నీ ఉన్నవి ఉన్నట్టే చెప్పాను. అమ్మ జుట్టు ఎంత తెల్లబడిందో, ప్రెస్సు ఉన్న చోట ఏ కొట్టు వచ్చిందో, నా కోసం చూసిన పెళ్లికొడుకు ముఖం ఎంత చిరాగ్గా ఉందో. రిమోట్‌లో ఎడమ బటన్ అరిగి పడిపోయింది. కొత్తది వెతికితే ఆబిడ్స్‌లో అలాంటివి ఎవరూ అమ్మడం లేదన్నారు. డబ్బా అటక మీదికి వెళ్లింది. అయినా ఏదైనా ఆలస్యమైతే నాన్న, "లెడ్డు కోసం సూస్తున్నం," అనేవాడు.

కొన్నేళ్లకు ఆయన కిడ్నీలు పాడయ్యాయి. దవాఖానలో చివరి వారం మంచం చుట్టూ ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు. పాస్టర్ గారు ప్రార్థన చేసి రేపో మాపో ఇంటికి వెళ్తారన్నారు. మెదక్ నుంచి వచ్చిన చుట్టాలు ముఖంలో కళ వచ్చిందన్నారు. అమ్మ పళ్ల రసం పట్టుకుని, నిన్నటికంటే ఈ రోజు నయం అంది. నాన్న అందరికీ తల ఊపాడు. మధ్యాహ్నం అమ్మ క్యాంటీన్‌కు వెళ్లాక, నాన్న చాపిన చెయ్యి గాలిలో కాసేపు వెతికి నా చేతిని పట్టుకుంది.

"నువ్వు జెప్పు బిడ్డా. గుట్ట ఎంత దాకొచ్చింది?"

కాళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. పొద్దున డాక్టరు నన్ను పక్కకు పిలిచి ఇక లాభం లేదన్నాడు. మెషీన్ మీద గీతలు నాకు కనబడుతున్నాయి. ఆయనకు కనబడవు.

"పైదాకా వచ్చింది డాడీ."

"ఔ," అన్నాడు. నా అరచేతిలో ఆయన బొటనవేలు ఒకసారి కదిలి ఆగింది. "మమ్మీకి జర నిమ్మలంగ చెప్పు."