కువైట్ నుంచి తెచ్చిన కుర్చీ

మోకాళ్లు అరిగిన మనిషిని వెంటబెట్టుకుని దూరం వెళ్లేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఎనభై అయిదు ఫిబ్రవరిలో నేను, నా భార్య మస్తానమ్మ కువైట్ వెళ్లాం. అక్కడి అబ్బాసియాలో దర్జీ పని చేసే ఆమె తమ్ముడు ఖాసిం, అక్కను మంచి డాక్టరుకు చూపిస్తానని నెల రోజుల వీసా పంపాడు. నేను పోస్టుమాస్టరుగా రిటైరై అప్పటికి ఏడాది.

ఉదయం ఆరింటికి రాయచోటిలో కడప బస్సెక్కాం. గంట తర్వాత గువ్వలచెరువులో ఆగితే పాలకోవా కొన్నాను. మస్తానమ్మ కోవా తింది, నీళ్లు మాత్రం వద్దంది. బొంబాయి రైల్లోనూ అంతే. పెదవులు తడుపుకుందే గాని గుక్కెడు మింగలేదు.

"కొంచెం తాగక్కా, కళ్లు తిరుగుతాయి" అంది ఎదురు సీట్లోని గుంతకల్లు ఆవిడ.

"దప్పి లేదులేమ్మా" అంది ఈమె. మొండిఘటం అని విసుక్కున్నాను.

బొంబాయి నుంచి విమానంలో నాలుగు గంటలు. ఖాసిం ఇల్లు కింది అంతస్తులోనే కావడం మా అదృష్టం. అక్కడ వారం తిరక్కుండానే మస్తానమ్మ జగ్గులకు జగ్గులు నీళ్లు తాగడం, మూడు పూటలా టీ అడగడం మొదలుపెట్టింది. ముఖం తేటపడింది. "కువైట్ నీళ్లు పడ్డాయి నీకు" అన్నాను. నవ్వింది.

రెండో వారంలో ఉదయం తొమ్మిదింటికి ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరు హిందీలో చెబుతుంటే ఖాసిం తెలుగులో చెప్పాడు. కీళ్ల మధ్య గుజ్జు అరిగింది, మళ్లీ రాదు. ఎత్తు కుర్చీలో కూర్చోవాలి, రోజూ కాస్త నడవాలి, గొంతుక్కూర్చోకూడదు. అన్నీ అయ్యాక, నీళ్లెన్ని తాగుతుందని అడిగాడాయన.

మస్తానమ్మ నావైపు ఒకసారి చూసి, తమ్ముడికి చెప్పింది. "ఈడ కడుపునిండా తాగుతాండా. ఇంటికాడ యాడ తాగేది? తాగితే దొడ్లోకి పోవల్ల. కూచుంటే లేయలేను. గోడ పట్టుకోని ఏడ్సుకుంటా లేస్తా. ఈడ కక్కూసు కుర్చీ మాదిరి ఉండాది గదా, బాధ ల్యా."

నలభై ఏళ్ల కాపురం. ఊళ్లో ఎవరింటికి ఏ ఉత్తరం వచ్చిందో తెలిసిన నాకు ఈ సంగతి తెలియలేదు. నిజంగా సిగ్గేసింది. బయటికొచ్చాక, "నాతో చెప్పకూడదా?" అన్నాను.

"మొగోనికి ఏమని చెప్పేది?" అంది.

మర్నాడు సాయంత్రం నాలుగింటి బస్సులో ఖాసింతో సాల్మియా బజారుకు వెళ్లాను. రేడియో, టేపు కలిసుండే టూ ఇన్ వన్ కొనాలని ఊరినుంచే అనుకుని వచ్చినవాణ్ణి, ఆస్పత్రి సామాన్ల కొట్లో ఇనుప కుర్చీ ఒకటి కొన్నాను. కూర్చునేచోట గుండ్రంగా ఖాళీ, దాని కింద తీసి కడిగే గిన్నె.

"బావా, అందరూ టేపురికార్డరు తీసుకపోతారు. నువ్వు ఇది మోసుకోని పోతే ఊరంతా నగుతారు" అన్నాడు ఖాసిం.

"నగనీరా. పాటలు పక్కింట్లో ఇంటాలే" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు బొంబాయి కస్టమ్స్ ఆఫీసరు అట్టపెట్టె విప్పించి, ఎవరికిది అన్నాడు. పక్కనున్న కమ్మీ పట్టుకుని నిలబడ్డ మస్తానమ్మను చూపించాను. ఇంకేమీ అడక్కుండా పెట్టె మీద సుద్దముక్కతో గీత గీసి పొమ్మన్నాడు. రైలెక్కగానే ఆమె నీళ్లు మళ్లీ బందు. ఈసారి నేను విసుక్కోలేదు. విసుక్కునే ముఖం నాకు లేదు.

కడపలో మధ్యాహ్నం రెండింటి బస్సు దొరికింది. కుర్చీని టాపు మీద కట్టించాను.

"కువైట్‌కు పోయి కుర్చీ తెచ్చినావా పెద్దాయనా!" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది, మస్తానమ్మ కూడా.

గువ్వలచెరువులో బస్సు ఆగింది. పాలకోవా పొట్లం చేతికిచ్చాను. తినలేదు.

"ఏమయ్యా, ఇంటికి ఇంగెంత సేపు?"

"గంట."

ఆమె కిటికీలోంచి తల బయటికి పెట్టి, టాపు మీద కుర్చీ ఉందో లేదో చూసుకుంది.

"అయితే పొయ్యి నీళ్లు తీసకరా" అంది.

రెండు గ్లాసులు తాగింది. మూడోది ఆమె అడక్కుండానే తెచ్చిచ్చాను.