వెనక్కి వాలిన ఏడో గ్రీన్

రెండేళ్ల కిందటి ఎండాకాలం. పటాన్‌చెరు దాటాక ఫ్యాక్టరీల మధ్య ఉన్న ఒక పాత గోల్ఫ్ కోర్సును కొలిచి, ఏది ఉంచాలో ఏది మార్చాలో రిపోర్టు ఇవ్వమని క్లబ్బు వాళ్లు నన్ను పిలిచారు. నేను సర్వే ఇంజినీరుని. కోర్సులు కొలవడం నా పని, ఆడటం మాత్రం అంతంతమాత్రం.

ఏడో గ్రీన్ దగ్గర నా పరికరం చూపింది నమ్మలేక రెండోసారి కొలిచాను. గ్రీన్ అంటే జెండా ఉండే చోటు, నున్నగా కత్తిరించిన గడ్డి. వచ్చే బంతి ఆగాలి కాబట్టి మామూలుగా అది మనవైపు వాలి ఉంటుంది. ఇదేమో వెనక్కి వాలింది. పైగా దాని ముందు నేల ఎండి గట్టిపడి ఉంది. "తప్పుగా కట్టారు, తవ్వి మళ్లీ కట్టాలి. ముందు భాగానికి నీళ్లు పెట్టాలి" అని రాసిచ్చాను. సోమవారం జేసీబీ వస్తుందన్నాడు మేనేజరు.

ఇరవై ఏళ్లుగా ఆ గ్రీన్‌ను చూసుకుంటున్న దేవదానం అన్నకు ఆ మాట చెప్పడానికి వెళ్లాను. పనిలో పనిగా నీళ్లు ఎంత పెట్టాలో కూడా చెప్పాను, తాతకు దగ్గులు నేర్పినట్టు.

"నీళ్లు నేనే బంద్ పెట్టిన మేడం" అన్నాడాయన. "తవ్వుడు ఖాయమేనా? తవ్వే ముందుగాల జెర ఇటు సూడుండ్రి."

గ్రీన్‌కు ముందు, పదడుగుల ఇవతల, గడ్డిలో చిన్న చిన్న సొట్టలు చూపించాడు. పైనుంచి పడ్డ బంతులు చేసినవి. రోజూ పొద్దున్నే చిన్న ఫోర్కుతో వాటిని సరిచేయడం ఆయన పని.

"వేరే గ్రీన్లకు గీ సొట్టలు నడుమల ఉంటయి. దీనికి ముంగటనే ఉంటయి. ఆట తెల్సినోళ్లు బంతిని ఈడ్నే పడేస్తరు. అది దొర్లుకుంట జెండా కాడికి పోతది. నేల మెత్తగుంటే ఎట్ల దొర్లుతది?"

"నువ్వు ఆడి చూశావా అన్నా?"

"పనోళ్లు ఆడొద్దు మేడం. సొట్టలు తీసుకుంటనే తెలుసుకున్న."

నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా, నిజమేనా చూద్దామనిపించింది. మేనేజరును కూడా పిలిచి, గోల్ఫ్ కర్ర తీసుకుని దూరం నుంచి జెండాకు గురిపెట్టి కొట్టాను. మూడు బంతులూ గ్రీన్ మీద పడి, వెనక ఉన్న ఇసుకలోకి జారిపోయాయి. దేవదానం చూపిన చోట పడేయడానికి ఇంకో ఐదు బంతులు పట్టాయి. ఆ ఐదోది దొర్లుకుంటూ వెళ్లి, వాలు మీద మెల్లగా దిగి, జెండాకు జానెడు దూరంలో ఆగింది. ఎవరో ఎప్పుడో కావాలనే అలా కట్టారు. నేను దాన్ని తప్పని రాశాను!

మేనేజరు బంతులు కూడా రెండు ఇసుకలో పడ్డాయి. ఇక జేసీబీ మాట ఎత్తలేదు. "ఇప్పుడు అన్నను కొట్టనివ్వండి" అన్నాను. మేనేజరు సరేనని తలూపాడు.

దేవదానం చెప్పులు పక్కన విడిచి, కర్ర పట్టుకున్నాడు. బంతి జెండా దాకా పోలేదు కానీ, పడాల్సిన చోటే పడింది. ఆ సొట్టను నేను సరిచేయబోతే ఫోర్కు లాక్కుని, "గట్ల కాదు మేడం" అని నేర్పించాడు.

ఇప్పుడు ఏ కోర్సుకు వెళ్లినా, పరికరం పెట్టె విప్పకముందే, పొద్దున్నే ఇక్కడ సొట్టలు తీసేది ఎవరని అడుగుతున్నాను.