మెడదాకా నింపిన సీసాలు

ల్యాబులో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు. ఇరవై ఆరేళ్లుగా ఆయన పని ఒక్కటే: సూదిమందు ద్రావణాన్ని చిన్న సీసాల్లో పోసి, వెచ్చని బీరువాలో పెట్టి, గాలి తగిలితే ఎన్నాళ్లకు పాడవుతుందో చూడటం. చేతి శుభ్రం విషయంలో ఆయన కంటికి ఎవరూ ఆనరు.

అందుకే, కొత్తగా చేరిన కళ్లజోడమ్మ పెట్టిన సీసాలు రెండు వారాలకే పసుపురంగుకి తిరిగితే అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"గ్లాసు కడగడం కూడా రాకుండా ఇక్కడికెలా వచ్చావమ్మా?" అన్నాడు, పదిమంది ముందూ.

తర్వాత తన చేత్తో పెట్టాడు. రెండు వారాలైనా మందు నీళ్లలా తేటగానే ఉంది. ఆఫీసరు ఆయన భుజం తట్టి, ఆమెని సీసాలు కడిగే గదికి మార్చాడు.

ఈవేళ రిపోర్టు మీద సంతకం పెట్టేముందు ఆయన రెండు రకాల సీసాల్నీ పక్కపక్కన పెట్టుకున్నాడు, కాస్త మురిసిపోదామనే. ఆమెవి సగమే నిండి ఉన్నాయి. తనవి మెడదాకా ఉన్నాయి. గోడమీద కాగితంలో సగానికే నింపాలని రాసి ఉంది. దాన్ని ఆయన చదివి ఎన్నేళ్లయిందో! ఏ సీసా అయినా వెలితిగా ఉంటే ఆయనకి మనసొప్పదు. ఇంట్లో ఉప్పుడబ్బా కూడా మూత పట్టనంతగా నింపి భార్య చేత చీవాట్లు తింటాడు. మందు గాలికి తట్టుకుంటుందో లేదో తేల్చే పరీక్షలో, మహానుభావుడు గాలికి చోటే లేకుండా చేశాడు.

ముఖం మాడిపోయింది. సీసాలు ఒంపేస్తే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు ఇంకా సిగ్గేసింది. ఈ మందు రేపు ఎవరి నరంలోకి ఎక్కుతుందో! తిన్నగా ఆఫీసరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"పోనీలే బాబాయ్, ముందే తెలిసింది," అని ఆఫీసరు రిపోర్టు ఆపేశాడు. ఒక్క మాటైనా అనకపోవడం బాబాయ్‌కి మరీ నామోషీగా తోచింది.

కడిగే గదిలో ఆమె ఒక్కతే ఉంది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అంతా చెప్పాడు. "తప్పు నాదేనమ్మా. నువ్వు సరిగ్గానే చేశావు. క్షమించు."

ఆమె పంపు కట్టేసి, చేతులు తుడుచుకుంది.

"చెప్పారు, సంతోషం బాబాయ్ గారూ. కానీ ఆ రోజు నన్ను తిట్టినప్పుడు తలుపు తీసే ఉంది కదా."

ఆయనకి తల కొట్టేసినట్టయింది. తలుపు తీశాడు. బయట పదిమందీ బల్లల దగ్గర పనిలో ఉన్నారు.

"ఒక్క నిమిషం, అందరూ ఇటు వినండర్రా," అన్నాడు. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాడు.