అంచు లోపలికి జరిగిన చీరలు

నిన్న పొద్దున ఎర్రగుంట్ల నుంచి లారీల ఓనరొకాయన ఫోన్ చేసి, "సార్, మీరు చేసిన వెబ్‌సైట్లో నా నంబరు సగమే కనపడతాండాది, కుడిపక్క తెగిపోయిండాది" అన్నాడు. నాకిప్పుడది ఐదు నిమిషాల పని. పేజీలో ఫోటో, రాత ఉండే ప్రతి డబ్బా చుట్టూ ఎర్రగీత వచ్చేట్టు, పేజీ రూపం చెప్పే స్టైల్ షీట్లో ఒక లైను రాస్తాను. ఏ డబ్బా ఫోన్ తెర దాటి బయటికి పోయిందో ఆ గీతే పట్టిస్తుంది. ఆ తర్వాత ఒక్కో లైనూ ఆపి చూసుకుంటూ పోతే తప్పు యాడుందో దొరికిపోతుంది. ఆయన శానా మెచ్చుకున్నాడు. నాకు మాత్రం మా మామ గుర్తొచ్చి తల కొట్టేసినట్టయింది.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. జమ్మలమడుగు దగ్గర మగ్గం నేస్తాడు. ఆయన నేసే రుద్రాక్ష అంచు చూసే చీర కొంటారు జనం. షావుకారు చేతికివ్వకుండా తన చీరలు తానే అమ్ముకోవాలని ఆయన కోరిక. పదేళ్ల కిందట, నేను కడపలో అప్పుడే కొత్తగా వెబ్ డిజైన్ అంగడి పెట్టినా. పని కంటే బోర్డే పెద్దది. మామకొక సైటు చేసిచ్చినా. ఫోన్లో చూస్తే పేజీ పక్కకు ఊగుతాంది. ఎందుకని వెతికే ఓపిక నాకు యాడిది? 'తెర దాటిందంతా దాచెయ్' అని ఒక లైను పడేసినా, ఊగడం ఆగింది. నా తెలివికి నేనే మురిసిపోయి టీ తాగొచ్చినా.

మర్నాడే మామ ఫోన్. "అల్లుడా, చీర ఉండాది, అంచు యాడికి పోయె?" నేను తెరిచి కూడా చూడలేదు. ఫోటో సరిగా తీయలేదన్నా. పాపం, ఎండలో మిద్దెక్కి, అత్త చేత చెంగు పట్టించి మూడుసార్లు తీసినాడు. మూడోసారీ అంతే. తప్పు నాదేమోనని అనుమానం వచ్చింది గానీ ఒప్పుకుంటే పరువు పోదూ! "ఫోన్లో అంతే మామా, చివర్న ఉండేది తెగుతాది, ఎవురేం చేస్తారు?" అని కోత కోసేసినా.

నెల తర్వాత సంచిలో మూడు చీరలు పెట్టుకుని బస్సెక్కి వచ్చినాడు. నా బల్ల మీద పరిచినాడు. అంచు చివర్న లేదు. నాలుగు వేళ్లు లోపలికి ఉంది, దాని బయట ఉత్త బట్ట. "కొత్త పడుగు ఏసి పోగులన్నీ జరిపినాం అల్లుడా. మీ అత్త కండ్లు పోయినాయనుకో. ఇంగ తెగదు గదా?" అని నా మొహంలోకి చూసినాడు. అట్లాంటి చీర ఏ ఆడమనిషి కడుతుంది? "బాగుండాయి మామా" అన్నా.

ఆయన బస్సెక్కినాక కూర్చుని మొదటిసారి ఎర్రగీతలు గీసి చూసినా. చీర ఫోటో డబ్బా తెర కంటే వెడల్పు. మిగిలిందాన్ని కోసేస్తున్నది నా లైనే. ఆ లైను తీసి, డబ్బా కొలత తగ్గిస్తే పాత చీరల అంచులు చక్కగా కనపడినాయి. సిగ్గుతో చచ్చిపోయినా. చెప్పేద్దామనే ఫోన్ చేసినా. నోట్లోంచి వచ్చింది మాత్రం, "ఫోన్ల కంపెనీవాళ్లే బాగు చేసినారంట మామా, పాత రకమే నెయ్యి."

"మంచిదప్పా, అంతా నీ పుణ్యం" అన్నాడు.

ఆ మూడు చీరలూ ఎవరూ కొనలేదు. అత్తే ఇంట్లో కట్టి చించింది. ఆ లైను తీసేయడానికి నాకు అర నిమిషం పట్టింది. అది రాసింది నేనేనని మామకు చెప్పడానికి పదేళ్లు చాలలేదు.